మొహమాటానికి పోయి వివరాలన్నీ ఇచ్చేయకండి: ఫోన్ నంబరు నుంచి పెళ్లి బయోడేటా దాకా రోజువారీ ప్రైవసీ అలవాట్లు

కిందటి వానాకాలంలో తెనాలి వెళ్లినప్పుడు ఓ సాయంత్రం నాలుగు మిర్చి బజ్జీలు కట్టించుకొచ్చాను. పొట్లం విప్పితే నూనె మరకల మధ్యలోంచి ఒకాయన నన్నే చూస్తున్నాడు. ఆధార్ జిరాక్స్ అది. 12 అంకెలూ ఉన్నాయి, పుట్టిన తేదీ ఉంది, డోర్ నంబరుతో సహా అడ్రసు ఉంది, అట్టడుగున నీలం ఇంకుతో సంతకం, పక్కనే ఫోన్ నంబరు. పాపం ఏ దరఖాస్తుకో జత చేసి ఇచ్చుంటాడు, పని అయిపోయాక ఆ కట్ట మొత్తం తూకానికి వెళ్లిపోయి ఉంటుంది. కాగితాన్ని ముక్కలు చేసి పొయ్యిలో పడేశాను. ఆయనకు ఫోన్ చేసి చెబుదామా అనిపించింది గానీ, ఎవరో తెలియనివాడు ఫోన్ చేసి ‘మీ ఆధార్ నా దగ్గరుంది’ అంటే ఆయన గుండె గుభేలుమంటుందని ఊరుకున్నాను.

ప్రైవసీ అనగానే మనకు ఎక్కడో చీకటి గదిలో కూర్చున్న హ్యాకర్ గుర్తొస్తాడు. మన దగ్గర అంత కష్టపడాల్సిన పని ఎవరికీ లేదు, అడిగితే మనమే ఇచ్చేస్తాం. కౌంటర్లో అమ్మాయి అడిగితే నంబరు, జిరాక్స్ షాపు కుర్రాడు అడిగితే ఆధార్, దూరపు చుట్టం అడిగితే పిల్లాడి పుట్టిన టైముతో సహా జాతకం. కాదంటే ఏమనుకుంటారో అని మొహమాటం. అందుకే ఇక్కడ సెట్టింగులు ఎక్కడున్నాయో చెబుతూనే, కాదని ఎలా అనాలో కూడా చెబుతాను. అన్నీ ఒక్కరోజే చేయకండి, విసుగొచ్చి మధ్యలో వదిలేస్తారు. నాకు నాలుగు ఆదివారాలు పట్టింది.

1. ముందు ఫోన్ నంబరు

మన దేశంలో ఫోన్ నంబరు ఒక్కటి తెలిస్తే చాలా తలుపులు తెరుచుకుంటాయి. బ్యాంకు, యూపీఐ, వాట్సాప్, ఆధార్ ఓటీపీ, గ్యాస్ బుకింగ్ అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. అదే నంబరును మనం చెప్పుల షాపులో, ఐస్‌క్రీమ్ పార్లర్లో, ఎగ్జిబిషన్లో లక్కీ డ్రా చీటీ మీద రాసేస్తాం.

షాపులో ఇలా జరుగుతుంది. మీ వెనక ఐదుగురు లైన్లో ఉంటారు. ‘నంబర్ చెప్పండి సార్’ అంటుంది అమ్మాయి, స్క్రీన్ మీంచి తల ఎత్తకుండానే. మీరు పది అంకెలూ పైకి చదువుతారు, వెనకున్న ఐదుగురికీ వినబడేలా. ఆమె మీ పేరు కూడా గట్టిగా చదివి ‘కరెక్టేనా సార్’ అంటుంది. రెండు రోజులకి శంకర్‌పల్లిలో ప్లాట్లున్నాయంటూ ఫోన్లు మొదలవుతాయి.

బిల్లు కావాలంటే నంబరు ఇచ్చి తీరాలని కొనుగోలుదారుల్ని ఒత్తిడి చేయొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణదారులకు సూచించింది. అంటే మీరు కాదంటే అది గొడవ పెట్టుకోవడం కాదు. నేను అనే మాట ఇదీ: ‘నంబర్ వద్దమ్మా, కాగితం బిల్లు ఇచ్చేయి.’ నవ్వుతూ అనాలి, కారణం చెప్పకూడదు. కారణం చెబితే వాదన మొదలవుతుంది. ‘సిస్టమ్ తీసుకోదండీ’ అంటే ‘మీ షాపు నంబరు ఏదో ఒకటి కొట్టుకోండి’ అనండి, చాలా చోట్ల అలాంటి నంబరు ఒకటి వాళ్ల దగ్గర ఉండనే ఉంటుంది. వారంటీ ఉన్న వస్తువైతే, ఫ్రిజ్జో మిక్సీయో, ఇవ్వండి, అక్కడ అవసరం ఉంది. కిలో ఉల్లిపాయలకు అవసరం లేదు.

ఇది కుదిరాక రెండో నంబరు సంగతి చూడండి. డ్యూయల్ సిమ్ ఫోన్ ఎలాగూ ఉంది కాబట్టి, ఇప్పుడు అందరికీ తెలిసిన పాత నంబరును బయటి పనులకే ఉంచేసి, బ్యాంకుకూ ఆధార్‌కూ కొత్త సిమ్ తీసుకోవడం మేలు. కొత్తది బ్యాంకుకు తప్ప ఎవరికీ తెలియకూడదు, మీ బావమరిదికి కూడా. కానీ ఆ సిమ్‌కు రీచార్జి మర్చిపోతే మాత్రం కొంప మునుగుతుంది. డిస్‌కనెక్ట్ అయిన నంబర్ని కంపెనీలు 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు మీ బ్యాంకు మెసేజీలు ఎవరో తెలియని మనిషి ఫోన్లో మోగుతాయి. ఏదైనా నంబరు వదిలేస్తున్నారంటే ముందు బ్యాంకులో, ఆధార్‌లో, జీమెయిల్లో, వాట్సాప్‌లో మార్చుకుని, ఆ తర్వాతే వదలండి.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూశారా ఎప్పుడైనా? సంచార్ సాథీ అని టెలికాం శాఖ వాళ్ల పోర్టల్ ఉంది, యాప్ కూడా ఉంది. అందులో మీ పేరు మీదున్న కనెక్షన్లు తెలుసుకునే ఆప్షన్‌కి వెళ్లి, నంబరు కొట్టి, ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది. ఒకరి పేరు మీద 9 దాకా సిమ్‌లు ఉండొచ్చు. జాబితాలో మీది కానిది కనిపిస్తే ‘నా నంబరు కాదు’ అని టిక్ పెట్టి రిపోర్ట్ చేయండి. తొందరపడి చెల్లెలికి తీసిచ్చిన నంబరును కూడా కొట్టేయకండి, ముందు ఇంట్లో అడగండి. ఇది ఆరు నెలలకోసారి చేస్తే చాలు.

యూపీఐ యాప్ పెట్టగానే చాలాసార్లు ఫోన్ నంబరుతోనే ఐడీ తయారవుతుంది. కిరాణా షాపులో డబ్బు కొట్టినప్పుడు అవతలి వాళ్లకు అది కనబడొచ్చు. ఆడపిల్లలకు ఇది పెద్ద తలనొప్పి, ఆటో దిగి 80 రూపాయలు కొడితే రాత్రికి ‘హాయ్’ అని వాట్సాప్ మెసేజ్ వస్తుంది. యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్తే నంబరు లేకుండా ఇంకో యూపీఐ ఐడీ పెట్టుకునే వీలు ఉంటుంది, పెట్టుకోండి. ఆటోకీ తోపుడు బండికీ నేనైతే ఇప్పటికీ నోట్లే ఇస్తాను.

2. ఆధార్: ఇక్కడ కాస్త ఓపిక పట్టండి

అన్నిటికంటే ఎక్కువ పని ఇక్కడే ఉంది. మై ఆధార్ సైట్‌లోకి లాగిన్ అయి ‘డౌన్‌లోడ్ ఆధార్’ నొక్కితే, మాస్క్డ్ ఆధార్ కావాలా అని ఒక చిన్న గడి కనిపిస్తుంది. దానికి టిక్ పెడితే మొదటి 8 అంకెల చోట గుర్తులు వచ్చి, చివరి 4 మాత్రమే కనిపిస్తాయి. లాడ్జిలో, అద్దె ఇంటి ఓనరుకు, జిమ్‌లో ఇదే ఇవ్వండి. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు, జిరాక్సులు ఎక్కడపడితే అక్కడ ఇవ్వకండి, మాస్క్డ్ కాపీ వాడండి అని ప్రకటన ఇచ్చింది, రెండు రోజులకే కేంద్రం దాన్ని జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందంటూ వెనక్కి తీసుకుంది. ప్రకటన పోయింది గానీ సౌకర్యం పోలేదు, వాడుకోండి. ఆధారే కావాలని పట్టుబట్టని చోట డ్రైవింగ్ లైసెన్సో ఓటరు కార్డో చాలు, మనమే అలవాటు కొద్దీ ఆధార్ తీస్తాం.

డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పక్కనే పుట్టిన సంవత్సరం. మీ పేరూ వయసూ తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు జిరాక్స్ షాపు. ‘ఈ నంబర్‌కి వాట్సాప్ చెయ్యండన్నా, ప్రింట్ తీసిస్తా’ అంటాడు. ఒకసారి నేను ఆ కంప్యూటర్ వెనక్కెళ్లి నిలబడి చూశాను. వాట్సాప్ వెబ్ తెరిచే ఉంది, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా ఆధార్లు, పాన్ కార్డులు, ఒకావిడ స్కానింగ్ రిపోర్టు, ఎవరిదో విడాకుల నోటీసు. ఆ కుర్రాడు మంచివాడే, ఎవరిదీ ఏమీ చేయడు. చెరిపే తీరిక లేదంతే. రేపు ఆ కంప్యూటర్ అమ్మేస్తాడు, అప్పుడు?

అందుకని ఇలా చేయండి. ఇంట్లో పది మాస్క్డ్ కాపీలు ఒకేసారి తీసి కవర్లో పెట్టుకోండి, అప్పటికప్పుడు పంపే అవసరం సగం తగ్గిపోతుంది. తప్పనిసరై పంపితే, ప్రింట్ చేతికి రాగానే డబ్బులిచ్చేలోపే ‘తమ్ముడూ, డౌన్‌లోడ్స్‌లోంచి తీసెయ్యి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి’ అని పక్కన నిలబడి చేయించండి, మీ వాట్సాప్‌లో కూడా ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టండి. ఇవన్నీ అయ్యాక, ఏ పనికి ఇస్తున్నారో జిరాక్స్ మీదే అడ్డంగా రాసేయండి: ‘గ్యాస్ కనెక్షన్ కోసం మాత్రమే’, తేదీ, సంతకం. అక్షరాలు ఫొటో మీదుగా, నంబరు పక్కగా వెళ్లాలి. పక్కన ఖాళీలో బుద్ధిగా రాస్తే కత్తిరించి వాడుకోవచ్చు. రాసింది ఎవరినీ గట్టిగా ఆపలేకపోవచ్చు గానీ, ఆ కాపీతో సిమ్ తీసుకుందామనుకున్నవాడికి అడ్డం పడుతుంది.

వేలిముద్రల తాళం గురించి మన వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. సిమ్ కార్డులు అమ్మే ఒకతను, ఆన్‌లైన్‌లో దొరికే భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలు తీసుకుని, నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్నది కేసు. అదే కిటుకుతో తర్వాత బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు తీసిన ముఠాలు కూడా పట్టుబడ్డాయి. ఆధార్‌తో డబ్బు తీసే చిన్న యంత్రం, మైక్రో ఏటీఎం దగ్గర బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అడగదు. మనం ఇల్లో పొలమో కొన్నప్పుడు పది చోట్ల బొటనవేలు అద్ది వచ్చాం కదా.

తాళం వేయడం తేలిక. ఆధార్ యాప్‌లో గానీ వెబ్‌సైట్లో గానీ బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది, ఆన్ చేయాలి. అవసరం వచ్చినప్పుడు కాసేపు తెరుచుకుంటుంది, మళ్లీ తనే పడిపోతుంది. అయితే ఒక్క మాట: వేలు పెట్టి రేషనో పింఛనో తీసుకునే అమ్మమ్మ ఫోన్లో, ఆవిడకు చెప్పకుండా ఈ తాళం వేసి మీరు హైదరాబాద్ బస్సెక్కేయకండి. ఒకటో తారీఖున ఆవిడ వేలు పడక, ఊరంతా తిరిగి, చివరికి మిమ్మల్ని తిడుతుంది. అలాంటి వాళ్లకు తాళం కంటే, ఆ ఖాతాలో డబ్బు ఎక్కువ ఉంచకుండా ఎఫ్‌డీకి మార్చడం నయం.

అదే సైట్‌లో అథెంటికేషన్ హిస్టరీ అని ఉంది, గత 6 నెలల్లో మీ ఆధార్‌ను ఎక్కడెక్కడ సరిచూశారో చూపిస్తుంది. మీరు నిద్రపోయే టైములో వేలిముద్ర ప్రయత్నం కనిపిస్తే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేయండి.

3. యాప్‌లు అడిగినవన్నీ ఇవ్వకండి

టార్చిలైట్ యాప్‌కు మీ కాంటాక్టులు ఎందుకు? పంచాంగం యాప్‌కు మైకు ఎందుకు? ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్. అక్కడ యాప్‌ల వారీగా కాకుండా పర్మిషన్ల వారీగా చూడండి, పని త్వరగా తెములుతుంది. మొదట ఎస్సెమ్మెస్, తర్వాత కాంటాక్టులు, తర్వాత మైకు, కెమెరా, లొకేషన్. ఎస్సెమ్మెస్ చదివే హక్కు ఫోన్‌లో ఉండే మెసేజీల యాప్‌కు, బ్యాంకు, యూపీఐ యాప్‌లకు తప్ప ఇంకెవరికైనా ఉందంటే ఓటీపీలు వాళ్లకు కూడా కనబడుతున్నట్టే. తీసేయండి. ఏదైనా పని ఆగిపోతే యాప్ మళ్లీ అడుగుతుంది, అప్పుడు ఆలోచిద్దాం.

లొకేషన్‌కు ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టండి. వాతావరణం చెప్పే యాప్‌కు మీ వీధి తెలియాల్సిన పని లేదు, ఊరు తెలిస్తే చాలు, అందుకే ఆండ్రాయిడ్ 12 నుంచి ‘సుమారు లొకేషన్’ అనే వీలు ఇచ్చారు. క్యాబ్ యాప్‌కు మాత్రం కచ్చితమైనదే ఇవ్వండి, లేకపోతే డ్రైవర్ పక్క సందులో నిలబడి మీకు ఫోన్ చేస్తూనే ఉంటాడు. స్క్రీన్ పైన మూలన ఆకుపచ్చ చుక్క వెలిగిందంటే ఏదో యాప్ కెమెరానో మైకునో వాడుతోందని అర్థం. వీడియో కాల్‌లో వెలిగితే సరే, ఊరికే వెలిగితే ఏ యాప్ అని చూడండి.

కాంటాక్టుల గురించి ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌లకు ఆయుధం కాంటాక్టుల జాబితానే. అప్పు తీసుకున్నవాడి అత్తగారికి, ఆఫీసులో మేనేజరుకు, క్లాస్‌మేట్లకు మెసేజీలు పెట్టి పరువు తీశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాల నిబంధనల్లో కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫోన్లోని ఫైళ్లు ముట్టుకోకూడదని చెప్పింది. కాబట్టి ఈరోజు ఒక లోన్ యాప్ కాంటాక్టులు అడిగిందంటే ఇక దాన్ని ఇంకేం పరీక్షించక్కర్లేదు, తీసి పారేయండి.

ఇంకొకటి, గూగుల్ అకౌంట్లో మీరు వెతికినవీ చూసినవీ దాచిపెట్టే ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’కి ఆటో డిలీట్ ఉంటుంది. 3 నెలలు, 18 నెలలు, 36 నెలలు అని మూడు గడువులిస్తుంది. 3 నెలలు పెట్టి మర్చిపోండి. ఇక ఇన్‌కాగ్నిటో విండో అంటారా, అది మీ ఇంట్లోవాళ్ల నుంచి దాస్తుంది, అంతే. మీరు వెళ్లిన సైటుకీ, మీ ఇంటర్నెట్ కంపెనీకీ, ఆఫీసు నెట్‌వర్క్ చూసేవాళ్లకీ మీరు వచ్చిన సంగతి తెలుస్తూనే ఉంటుంది.

4. వాట్సాప్‌లో అరగంట

సెట్టింగ్స్, ప్రైవసీ. ప్రొఫైల్ ఫొటో ‘మై కాంటాక్ట్స్’, లాస్ట్ సీన్ మీ ఇష్టం, గ్రూపుల్లో చేర్చే హక్కు ‘మై కాంటాక్ట్స్’. ఈ చివరిది పెట్టకపోతేనే పొద్దున లేచేసరికి షేర్ మార్కెట్ టిప్పుల గ్రూపులో తేలతారు. ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఆన్ చేయండి.

తర్వాత అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్, 6 అంకెల పిన్. ఎవరైనా మిమ్మల్ని మాటల్లో పెట్టి ఓటీపీ లాగేసినా, ఈ పిన్ లేకుండా మీ వాట్సాప్‌ను వాళ్ల ఫోన్లో తెరవలేరు. పిన్‌గా పుట్టినరోజు పెట్టకండి, దానికి కారణం పెళ్లి బయోడేటా దగ్గర చెబుతాను. లింక్డ్ డివైసెస్‌లోకి కూడా వెళ్లి చూడండి. నాకు అక్కడ రెండేళ్ల కిందట మానేసిన ఆఫీసు కంప్యూటర్ ఇంకా కనిపించింది, నా సీట్లో ఇప్పుడెవరు కూర్చున్నారో కూడా నాకు తెలియదు. చాట్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్తుంటే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్, అంటే మీరు తప్ప ఎవరూ చదవలేనిది, మీరే ఆన్ చేసుకోవాలి.

ఇక ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోన్లో యాప్ ఇన్‌స్టాల్ చేసేవి. పెళ్లి శుభలేఖ అంటూ, పీఎం కిసాన్ అంటూ, బండికి చలానా పడిందంటూ వస్తాయి, పైగా తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తాయి, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే హ్యాక్ అయిపోయింది. శుభలేఖ అంటే ఫొటో వస్తుంది, వీడియో వస్తుంది, పీడీఎఫ్ వస్తుంది. ఇన్‌స్టాల్ చేయమని ఏ పెళ్లికొడుకూ అడగడు. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అనే చోట వాట్సాప్‌కూ, క్రోమ్‌కూ అనుమతి ఆఫ్ చేసేస్తే పొరపాటున నొక్కినా ఒక అడ్డు ఉంటుంది.

5. పెళ్లి బయోడేటా, పిల్లల ఫొటోలు

ఈ విషయం ఎవరూ రాయరు గానీ, తెలుగువాళ్ల ఇళ్లలో అన్నిటికంటే పెద్ద లీకేజీ సంబంధాల కోసం తిరిగే బయోడేటా. ఇంటిపేరు, గోత్రం, నక్షత్రం, పాదం, పుట్టిన తేదీ, పుట్టిన టైము, పుట్టిన ఊరు, జీతం, కంపెనీ పేరు, అమెరికాలో అయితే వీసా రకం, నాన్నగారి ఉద్యోగం, అమ్మగారి పుట్టింటి వివరాలు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఫ్లాట్లు, ఇంటి అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు, మూడు ఫొటోలు. ఇదంతా ఒక పీడీఎఫ్‌లో పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో వదులుతాం. పుట్టినరోజు పిన్‌గా వద్దన్నది అందుకే. అమ్మాయికి పెళ్లై ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా అది తిరుగుతూనే ఉంటుంది. మా పెద్దమ్మ కూతురి బయోడేటా పెళ్లైన మూడేళ్లకి తిరిగి తిరిగి వాళ్ల అత్తగారి ఫోన్‌కే వచ్చింది, ఆ ఇంట్లో ఒక పూట ఎవరూ మాట్లాడుకోలేదు.

కొన్ని సైట్లు పాస్‌వర్డ్ మర్చిపోతే అడిగే ప్రశ్న ‘మీ తల్లి పుట్టింటి పేరు ఏమిటి’. మన చుట్టాల్లో ఎవరినడిగినా చెబుతారు. అలాంటి ప్రశ్నకు నిజం రాయక్కర్లేదు, ‘గోంగూర పచ్చడి’ అని రాసి, అలా రాశారని గుర్తుంచుకోండి.

బయోడేటా రెండు రకాలుగా చేసుకోండి. గ్రూపులకు వెళ్లేదాంట్లో పేరులో మొదటి భాగం, వయసు (తేదీ కాదు), చదువు, ఉద్యోగం ఏ రంగం, ఊరు, నక్షత్రం, ఒక ఫొటో, సంబంధాల కోసమే పెట్టుకున్న నంబరు. అంతవరకే. అవతలివాళ్లు మాట్లాడి, మీకు నచ్చి, జాతకం చూద్దామన్నాక పుట్టిన తేదీ, టైము ఆ ఒక్క కుటుంబానికి పంపండి. ఆస్తుల సంగతి ఎదురుగా కూర్చున్నప్పుడు. పీడీఎఫ్ మీద పల్చగా నెల, సంవత్సరం వేస్తే, పాతదని చూసినవాళ్లకు తెలుస్తుంది. పెద్దవాళ్లు ‘అన్నీ రాయకపోతే ఏదో దాస్తున్నామనుకుంటారు’ అంటారు. అనుకోనివ్వండి. అడగడానికి ఫోన్ చేస్తారు కదా, మాటలు అక్కడే మొదలవుతాయి.

ఫొటోల విషయానికొస్తే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరం పోతుంది, కానీ క్వాలిటీ కోసం డాక్యుమెంట్‌గా పంపితే ఎక్కడ తీశారో కూడా దాంతోపాటే వెళ్తుంది. స్కూల్ యూనిఫాంలో, బ్యాడ్జి కనిపించేలా పిల్లల ఫొటో పబ్లిక్‌గా పెట్టకండి, పేరు, క్లాసు, బడి మూడూ ఒకేచోట దొరుకుతాయి. సంక్రాంతికి ఊరెళ్లే రైలు టికెట్ ఫొటో అయితే పీఎన్ఆర్‌తో సహా పెట్టేవాళ్లున్నారు. ఇల్లు నాలుగు రోజులు ఖాళీ అని చెప్పడం కూడా అవుతుంది. ఫొటోలు తిరిగొచ్చాక పెట్టండి, ముగ్గులు ఎక్కడికీ పోవు.

6. పాస్‌వర్డులు, లాక్ స్క్రీన్: త్వరగా

అన్నిటికంటే ముందు ఈమెయిల్ పాస్‌వర్డు మార్చండి, ఎందుకంటే మిగతావన్నీ దాని ద్వారానే రీసెట్ అవుతాయి. దానికి పెట్టింది ఇంకెక్కడా పెట్టకూడదు. మిగతావి పాస్‌వర్డ్ మేనేజర్‌లో, అంటే పాస్‌వర్డులన్నీ ఒకేచోట తాళం వేసి ఉంచే యాప్‌లో దాచండి. అమ్మకు అది రాదంటే నోటు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టినా తప్పులేదు, రష్యా హ్యాకర్ మీ బీరువా తెరవలేడు. ఫోన్ కాంటాక్టుల్లో ‘ఏటీఎం పిన్’ అని సేవ్ చేయడం మాత్రం మానిపించండి. ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ అనే సైట్లో మీ మెయిల్ ఐడీ కొడితే, ఇప్పటిదాకా బయటపడిన ఏయే డేటా లీకుల్లో అది ఉందో చెబుతుంది.

ఫోన్ తాళం వేసున్నప్పుడు కూడా నోటిఫికేషన్లలో ఓటీపీ కనిపిస్తుంటే ఆ తాళం ఎందుకు? నోటిఫికేషన్ సెట్టింగుల్లో లాక్ స్క్రీన్ మీద విషయం దాచే ఆప్షన్ ఉంటుంది, పెట్టండి. సిమ్‌కు కూడా పిన్ పెట్టొచ్చు, ఫోన్ పోతే సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేసుకోలేరు. కాకపోతే మూడుసార్లు తప్పు కొడితే లాక్ పడి, దాన్ని తీయడానికి సిమ్ కంపెనీ ఇచ్చే పీయూకే కోడ్ అడుగుతుంది, ముందు మీ కంపెనీ డిఫాల్ట్ పిన్ ఏదో కనుక్కుని మొదలుపెట్టండి.

7. విదేశాల్లో ఉన్న పిల్లలకు ఒక మాట

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి గుంటూరులో అమ్మానాన్నల ఫోన్ సరిచేయడానికి దూరం నుంచే ఫోన్ నడిపే ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్ వేయిస్తారు కదా, పని అయ్యాక దాన్ని తీయించేయండి. అలాంటి యాప్‌లో నంబరు చదివి వినిపించడం అనే అలవాటు మీరే వాళ్లకు నేర్పారు. రేపు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానంటూ ఎవడో అడిగితే, ‘మా అబ్బాయి కూడా ఇలాగే చేస్తాడు’ అని చదివేస్తారు. ఇంట్లో వాళ్లకు మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకోండి, మీ గొంతుతోనే ఫోన్ వచ్చి డబ్బు అడిగినా ఆ మాట చెప్పమనాలి. మాది మా పాత గేదె పేరు.

8. ఇప్పటికే బయటికి పోయి ఉంటే

పోయే ఉంటుంది, నాదీ పోయింది. అయినా చేయగలిగినవి ఉన్నాయి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ ఈ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి ఉచితంగా పూర్తి క్రెడిట్ రిపోర్టు, అంటే మీ పేరు మీదున్న అప్పుల చిట్టా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడవునా కాపలా ఉన్నట్టే. మీరు తీసుకోని అప్పు మీ పాన్ మీద కనిపిస్తే అక్కడే అభ్యంతరం పెట్టండి. డబ్బు పోయిందంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, చుట్టాలకు తర్వాత. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. స్క్రీన్‌షాట్లు, మెసేజీలు చెరపకుండా ఉంచి, సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు రాయండి.

చట్టం సంగతి అడిగేవాళ్ల కోసం: ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు 2017 ఆగస్టు 24న చెప్పారు. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి ఒకప్పుడు మన ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్‌కు అధ్యక్షుడు కూడా. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఈలోగా కౌంటర్ దగ్గర నిలబడేది మనమే.

నాన్నకి 71. మొన్న ఆయన్ని బట్టల షాపుకు తీసుకెళ్లాను. బిల్లు దగ్గర అమ్మాయి ‘నంబర్ చెప్పండి అంకుల్’ అంది. నేను నోరు తెరిచేలోపే ఆయన ‘నాకు ఫోన్ లేదమ్మా’ అన్నారు, చాలా దీనంగా. సరిగ్గా అప్పుడే చొక్కా జేబులో ఫోన్ మోగింది, హనుమాన్ చాలీసా, ఫుల్ సౌండ్‌తో. ఆ అమ్మాయి ఆయన్ని చూసింది, ఆయన పైకి ఫ్యాన్ వంక చూశారు. బిల్లు మాత్రం కాగితం మీదే ఇచ్చింది.